నడిమధ్య బల్ల

తూకమ్మ అన్నది ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వడ్రంగి మేస్త్రి పెట్టిన పేరు. ఇళ్ళు సర్దిపెట్టడం, గదులకి అందం తేవడం ఆమె వృత్తి. ఏ గదికి వెళ్ళినా గుమ్మంలోనే ఆగి, కళ్ళు సగం మూసి, తల ఓ పక్కకి వంచి చూసి, "తూకం లేదు" అంటుంది. ఆ తరవాతే లోపలికి అడుగుపెడుతుంది. "మా మేడమ్ ఆస్పత్రికి రోగిని చూడ్డానికెళ్ళినా మంచం ఏ గోడకుందో చూసొస్తుంది గానీ, మనిషెలా ఉన్నాడంటే చెప్పలేదు" అని మేస్త్రి పనివాళ్ళందరినీ నవ్విస్తుంటాడు. ఆ పేరు ఆమె చెవిన కూడా పడింది. పైకి విననట్టు ఊరుకుంది గానీ, లోలోపల నచ్చింది.

ఆ ఇంటి హాలు గుమ్మంలో మాత్రం ఆమె మామూలు కంటే ఎక్కువసేపే నిలబడిపోయింది. తూకం తప్పిన గదులు చాలా చూసింది గానీ ఇంత తప్పినదాన్ని చూడలేదు. సామానంతా ఎడమ గోడకి అంటుకుపోయి ఉంది. బీరువా, దాన్నానుకుని భోజనాల బల్ల, ఆ పక్కన కుర్చీలు, చివర ఓ చెక్కపెట్టె. అన్నీ ఒకే వరస, మాస్టారు గోడకి నిలబెట్టిన పిల్లల్లా. కుడివైపు ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. కిటికీలోంచి చక్కగా వెలుతురు పడే చోట వట్టి నేల. గదంతా ఒక పక్కకి ఒరిగిన పడవలా ఉంది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందండీ?" అని అడిగింది తూకమ్మ.

"మొదట్నుంచీ ఇంతేనండీ" అంది ఆ ఇంటి ఇల్లాలు. యాభై దాటిన మనిషి. తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ తన హాలుని తనే కొత్తగా చూస్తున్నట్టు నిలబడింది. ఆమె భర్త సరుకుల లారీ నడుపుతాడు. నెలలో ఇంట్లో ఉండేకంటే రోడ్డు మీద ఉండేదే ఎక్కువ. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, భర్త అన్నగారు, ఇద్దరే.

తలుపు తీసింది ఆ అన్నగారే. నెరిసిన జుట్టు, వెడల్పాటి చేతులు. తాళాలు బాగుచేస్తాడు. చుట్టుపక్కల ఎవరి తాళం మొరాయించినా ఆయన దగ్గరికే తెస్తారట. "రండమ్మా, మీకోసం మా మరదలు పొద్దుట్నుంచీ కాలు ఒకచోట పెట్టట్లేదు" అంటూ తలుపు బార్లా తెరిచి, గోడవారగా చకచకా నడిచిపోయి, పక్కనున్న చిన్నగదిలో తన బల్ల ముందు కూర్చున్నాడు. విప్పిన తాళంలో సన్నటి ఇనప పుల్లతో ఏదో కెలుకుతూ ఉండిపోయాడు. తూకమ్మ ఆయన్ని అంతకుమించి చూడలేదు. ఆమె చూడ్డానికి వచ్చింది గదిని.

"తూకమంటే రెండు పక్కలా ఒకే రకం సామాను పెట్టడం కాదండీ" అని అలవాటైన పాఠం మొదలుపెట్టింది. "బీరువా లాంటి బరువైనది ఇటుంటే, అటువైపు దానికి జవాబు చెప్పేది ఏదో ఒకటి ఉండాలి. రెండు కుర్చీలు, ఓ పొడుగు దీపం, ఓ మొక్క, ఏదైనా సరే. కంటికి రెండు పక్కలా బరువు ఒకేలా తెలియాలి. ఒకచోట కనిపించిన రంగు ఇంకో రెండుచోట్ల పలకాలి. ఇక మధ్యలో, చూపు వెళ్ళి ఆగడానికి ఓ చోటుండాలి."

"చూపు ఆగే చోటు" అని ఇల్లాలు మెల్లగా అప్పజెప్పింది. తరవాత, ఇక ఆలస్యం చేస్తే ధైర్యం జారిపోతుందేమో అన్నట్టు గబగబా అంది. "నాకు నడిమధ్యలో ఓ గుండ్రబల్ల కావాలండీ. గోడకి చేరేసింది కాదు. చుట్టూ కుర్చీలేసుకుని కూర్చునేది."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు బాగా తగ్గింది. చిన్నగదిలోంచి మాత్రం పెద్దాయన గొంతు గట్టిగానే వచ్చింది. "ఇంకాస్త గట్టిగా చెప్పమ్మా! నీ రహస్యం వచ్చినావిడకి కూడా వినపడొద్దూ?"

ఇల్లాలు సిగ్గుపడి నవ్వింది. తూకమ్మ టేపు తీసి గది కొలవడం మొదలుపెట్టింది.

*

పని మొదలయ్యే ముందు రోజు ఇల్లాలు పెద్దాయన్ని పక్కవీధిలో ఉన్న చుట్టాలింటికి పంపించేసింది. "సున్నం దుమ్ము పడదాయనకి" అంది. తూకమ్మ ఆ సంగతి పట్టించుకోలేదు. ముసలివాళ్ళు లేకపోతే పని త్వరగా సాగుతుందని సంతోషించింది కూడా.

సామాను బయటికి తెచ్చాక నేల కడిగిస్తుంటే కుర్చీకాళ్ళు ఉన్నచోటల్లా చిన్న చిన్న ఎర్రరంగు చుక్కలు కనపడ్డాయి. ఒక్కో కుర్చీకి నాలుగేసి. బల్లకీ, పెట్టెకీ కూడా ఉన్నాయి. "ఇదేం ముగ్గు మేడమ్?" అన్నాడు మేస్త్రి. "ఏదైతేనేం, గీకించెయ్" అంది తూకమ్మ. మేస్త్రి గుడ్డకి కిరసనాయిలు ముంచి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చుక్కనే రుద్ది పోగొట్టాడు. ఇల్లాలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆఖరి చుక్క పోయేదాకా అక్కడే ఉంది.

గోడల రంగు ఆమే ఎంచుకుంది. తూకమ్మ తెచ్చిన రంగుల అట్టముక్కలన్నీ కిటికీ దగ్గర పరిచి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి తిప్పి తిప్పి చూసి, చివరికి పండిన నిమ్మకాయ లోపలి రంగు మీద వేలు పెట్టింది. "మరీ వెలుగైపోతుందేమో?" అని తనే సందేహపడింది. "వెలుగు మనకి చేదా?" అన్నాడు మేస్త్రి.

బీరువా ఎడమగోడ వదిలి లోపలి మూలకి వెళ్ళింది. కొత్తగా తెప్పించిన సోఫా గోడకి రెండడుగుల ఎడంగా, కిటికీ వైపు కొంచెం తిరిగి నిలబడింది. కుడివైపు పొడుగు దీపం, దాని పక్కన వెడల్పాకుల మొక్క. నడిమధ్య తివాచీ పరిచి, దానిమీద గుండ్రబల్ల. మేస్త్రి స్వయంగా చేసిన బల్ల. అంచు అరచేత్తో నిమిరితే ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. బల్ల మీద పసుపు గాజు కూజా, సోఫా మీద రెండు పసుపు దిండ్లు, గోడ రంగుకి జవాబుగా.

"ఇలా రండి, గుమ్మంలో నిలబడి కళ్ళు సగం మూసి చూడండి. వస్తువుల రూపాలు పోయి బరువులే కనపడతాయి. అప్పుడు తెలుస్తుంది తూకం" అంది తూకమ్మ. ఇల్లాలు వచ్చి నిలబడి కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

"మొత్తం మూసేస్తే ఏం కనపడుతుందండీ? సగమే" అని నవ్వింది తూకమ్మ.

ఇల్లాలు కళ్ళు తెరిచి ఆమె వంక ఒక్క క్షణం చూసింది. మళ్ళీ చెప్పినట్టే చేసింది.

అన్నీ అయిపోయాక, మేస్త్రి పనిముట్లు సంచిలో సర్దుకుంటుంటే, ఇల్లాలు ఒక కుర్చీ వీపు పట్టుకుని అడిగింది. "ఇది జరపొచ్చా అండీ?"

"మీ ఇల్లేగా. మీ ఇష్టం."

ఆమె కుర్చీని జానెడు ఇటు జరిపింది. వెనక్కి తగ్గి చూసింది. మళ్ళీ వెళ్ళి అటు జరిపింది. కిటికీ దాకా లాక్కెళ్ళి కూర్చుని, లేచి, బల్ల దగ్గరికి తెచ్చుకుంది. నేల మీద కుర్చీకాళ్ళు కీచుమన్నప్పుడల్లా ఆమె మొహం విప్పారింది. కొత్త బొమ్మ దొరికిన పిల్లలా ఉంది. మేస్త్రి తూకమ్మకి కళ్ళతో సైగ చేసి మీసంలో నవ్వుకున్నాడు. తూకమ్మకీ నవ్వొచ్చింది. కుర్చీ జరుపుకోవడంలో ఏముంది అంత సంబరం, అనుకుంది.

*

తను సర్దిన గదులకి ఫోటోలు తీసి దాచుకోవడం తూకమ్మకి అలవాటు. రంగు పూర్తిగా ఆరాక, కిటికీలోంచి ఎండ సరిగ్గా బల్ల మీదికి వచ్చే వేళ చూసుకుని, ఓ పొద్దున కెమెరాతో వచ్చింది.

"బావగారు రాత్రే వచ్చారు, గదిలో ఉన్నారు. టీ పెడతాను, ఉండండి" అని ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళింది. ఆమె మొహంలో ఏదో కంగారు ఉంది. అది ఫోటోల హడావిడి అనుకుంది తూకమ్మ. స్టాండు కాళ్ళు విప్పి కెమెరా బిగించి, దిండ్లు సర్ది, కూజాని వేలెడు పక్కకి జరిపి, కళ్ళు సగం మూసి చూసుకుంది. ఎంత బాగుందో! తన చేతిమీదుగా ఇంతకంటే మంచి గది రాలేదనిపించింది.

అప్పుడే చిన్నగది తలుపు తెరుచుకుంది. పెద్దాయన తాళంచెవుల గుత్తి పట్టుకుని బయటికొచ్చాడు. కుడి అరచెయ్యి గోడకి ఆనించి, గోడవెంటే జరుపుకుంటూ నాలుగడుగులు వేశాడు. ఇదివరకు బీరువా ఉన్న చోటికి రాగానే దానికోసం చాచిన ఆ చెయ్యి ఖాళీలోకి పోయింది. ఆయన ఆగాడు. మళ్ళీ ఓ అడుగు వేశాడు. సోఫా మూల మోకాలికి తగిలింది. నిలదొక్కుకోవడానికి చాచిన చెయ్యి బల్ల మీది కూజాని కొట్టింది. కూజా దొర్లి కిందపడి ముక్కలైంది.

ఆయన రెండు చేతులూ ముందుకు చాచి అలాగే నిలబడ్డాడు. మొహం కిటికీ వైపు ఉంది, అక్కడ ఎవరూ లేరు.

"అమ్మా! ఎక్కడున్నాను నేను?" అన్నాడు.

అప్పుడు చూసింది తూకమ్మ ఆయన కళ్ళని. తెరిచే ఉన్నాయి గానీ వాటిలో చూపు లేదు. ఇల్లాలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "కదలకండి బావగారూ, గాజుముక్కలు" అని చెయ్యి పట్టుకుని, ముక్కల్ని తప్పిస్తూ ఆయన్ని గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చీపురు తెచ్చి ముక్కలన్నీ ఎత్తింది. తూకమ్మ వైపు చూడకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తూకమ్మ వెనకే వెళ్ళింది. "ఆయనకి కళ్ళు కనపడవా?"

"లేదండీ."

"ముందే ఎందుకు చెప్పలేదు నాకు?"

ఇల్లాలు కుళాయి తిప్పి గిన్నె కింద పెట్టింది. "చెప్తే నడిమధ్యలో బల్ల పెట్టనిచ్చేవారా మీరు?"

ఆ మాటతో తూకమ్మకి నిలువునా మండిపోయింది. ఆయన మొదటిరోజు ఎంత చకచకా నడిచాడో గుర్తొచ్చింది. ఆ గోడవార సామానంతా ఆయనకి చేతికర్ర అన్నమాట. ఆ కర్రని తను విరిచేసింది, తనచేత విరిపించింది ఈవిడ.

"కళ్ళు లేని మనిషి ఇంట్లో ఉండగా గోడలకి అందాలేమిటండీ?" అంది. గొంతు పెంచలేదు. పెంచకపోవడం వల్లే మాట ఇంకా పదునుగా వచ్చింది. "తన ఇంట్లో తనే ఎక్కడున్నాడో తెలియకుండా చేశారు. ఆయన మీకు అడ్డమనిపిస్తే ఆ మాట నోటితోనే చెప్పండి. బల్లతో చెప్పించడం ఎందుకు?"

ఇల్లాలు తల ఎత్తలేదు. కుళాయి పారుతూనే ఉంది, గిన్నె నిండి పొర్లుతోంది. ఆమె ఆ పొర్లే నీళ్ళల్లో చెయ్యి పెట్టి అలాగే ఉంచింది. ఏమైనా అంటుందేమోనని తూకమ్మ కాసేపు చూసింది. జవాబు లేకపోవడమే నేరం ఒప్పుకోవడం అనుకుంది తూకమ్మ. హాల్లోకి వచ్చి కెమెరా విప్పి, స్టాండు మడిచి, టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

*

ఇంకో ఇంట్లో అలమర బిగిస్తున్న మేస్త్రికి అదంతా చెప్పింది. "అడిగి కడిగేశాను" అంది.

"మంచి పని చేశారు మేడమ్" అన్నాడు మేస్త్రి, నోట్లో ఉన్న మేకుల మధ్య నుంచి. "పాపం ముసలాయన. అయినా, చూస్తే అలాంటి మనిషిలా లేదే ఆవిడ!"

"అలా ఉంటారా ఎవరైనా, నుదుటిమీద రాసిపెట్టుకుని?"

ఆ రోజంతా తూకమ్మకి తను న్యాయం తరఫున నిలబడ్డానన్న తృప్తి ఉంది. మర్నాటికి ఆ తృప్తి కొంచెం పలచబడింది. ఆ ఇంట్లో తను మొదటిరోజు ఎంతసేపు ఉంది? గోడ పొడవెంతో, కిటికీ ఎత్తెంతో, వెలుతురు ఏ వేళకి ఎక్కడ పడుతుందో అన్నీ చూసింది. తలుపు తీసిన మనిషి కళ్ళల్లోకి మాత్రం చూడలేదు. ఆ ఆలోచన రాగానే, చెప్పకపోవడం ఆవిడ తప్పు, అని సర్దిచెప్పుకుంది. అయినా అది లోపల ముల్లులా కెలుకుతూనే ఉంది.

కూర్చుని కొత్త పటం గీసింది. చిన్నగది తలుపు దగ్గర్నుంచి వంటింటి దాకా, వీధి తలుపు దాకా, చెయ్యి తీయకుండా తడుముకుంటూ పోవడానికి గోడవారగా నడుమెత్తు అలమరలు వరసగా ఉండాలి. గుండ్రబల్ల మధ్యలోనే ఉండొచ్చు, తివాచీ అంచు పాదానికి తెలిసేలా కొంచెం గరుకుది వేస్తే చాలు. అందమూ పోదు, దారీ పోదు. ఇదేదో మొదటే గీసి ఉండాల్సింది. ఆవిడ ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేది, తను ఒక్కమాట అడిగి ఉన్నా సరిపోయేది. పటం చుట్టి సంచిలో పెట్టుకుని బయల్దేరింది. క్షమాపణ చెప్పాలన్న ఊహ ఆమెకి అప్పటికింకా లేదు. పెద్దమనసుతో ఓ మెట్టు దిగి వెళ్తున్నాననే అనుకుంది.

వాకిట్లోకి అడుగుపెడుతూనే ఆగిపోయింది. చూరు కింద గుండ్రబల్ల కాళ్ళు పైకి పెట్టి తలకిందులుగా ఉంది. దానిమీద తివాచీ చుట్టి, పైన పట్టా కప్పారు. పట్టా చివర గాలికి కొట్టుకుంటోంది.

తలుపు పెద్దాయనే తీశాడు. "ఎవరూ?"

"నేనండీ... ఇల్లు సర్దినదాన్ని."

"రండమ్మా" అన్నాడు. అదివరకటి హుషారు లేదు. గోడవారగా చకచకా నడిచి, కుర్చీల వరసలో మొదటిదాన్ని తట్టి చూపించి, రెండోదాంట్లో తను కూర్చున్నాడు. బీరువా ఎడమగోడకి వచ్చేసింది. దాని పక్కన పాతబల్ల, ఆ పక్కన కుర్చీలు, చివర చెక్కపెట్టె. సోఫా లేదు, దీపం లేదు, మొక్క లేదు. కుర్చీకాళ్ళ దగ్గర నేల మీద కొత్తగా పెట్టిన ఎర్రచుక్కలు ఇంకా మెరుస్తున్నాయి. నిమ్మపండు రంగు గోడలొక్కటే మిగిలాయి. ఆ ఖాళీ గదిలో అవి వచ్చినచోటు తెలియని అతిథుల్లా వెలవెలబోతున్నాయి.

"బజారుకెళ్ళింది. వచ్చేస్తుంది" అన్నాడు పెద్దాయన. వీధి తలుపు వైపు ఓ చెవి పెట్టి అడిగాడు. "ఆ రోజు ఆమెతో ఏమైనా అన్నారా అమ్మా మీరు?"

తూకమ్మ దాచలేదు. "అన్నానండీ. మీ విషయంలో ఆవిడ చేసింది నాకు నచ్చలేదు. మీరు అలా దారి తెలియక నిలబడిపోతే చూడలేకపోయాను."

"అనుకున్నాను" అన్నాడాయన. మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. "ఎంతపని చేశారమ్మా! ఆ బల్ల పెట్టించింది నేను."

"మీరా?" అంది తూకమ్మ.

"నా కళ్ళు పోయేసరికి ఆమె ఈ ఇంటికొచ్చి ఏడాదన్నా కాలేదు. కొత్తపెళ్ళికూతురు. మా వాడు చూస్తే లారీ మీద. అప్పట్లో నేను ఊరికే గుద్దుకుని పడుతుండేవాణ్ణి. ఆ చుక్కలు పెట్టింది తనే. ఏ వస్తువు ఎక్కడుంటే నాకు వీలో చూసి, అక్కడ చుక్కలు పెట్టేసింది. ఇక ఈ ఇంట్లో కుర్చీ జానెడు కదిలితే ఒట్టు. ఎవరైనా వస్తే, వాళ్ళు గుమ్మం దాటేలోపు ఆమె చూపంతా కుర్చీకాళ్ళ మీదే ఉండేది. ఎన్నేళ్ళు! ఆమె జుట్టు కూడా నెరిసిందని మావాడే చెప్పాడు నాకు."

ఆయన ఆగి, కిటికీ ఉన్న వైపు చెయ్యి చూపించాడు.

"ఓ మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని ఆమె కుర్చీని అక్కడికి లాక్కెళ్ళింది. చప్పుడు కాకుండా ఎత్తి ఎత్తి పెడుతోంది పాపం. కానీ నా చెవులకి దాగుతుందా? కాసేపు కూర్చుంది కిటికీ దగ్గర. మళ్ళీ తెచ్చి చుక్కల మీద పెట్టేసింది. మర్నాడూ అంతే. దొంగతనం చేస్తున్నట్టు, తన ఇంట్లో తన కుర్చీతో! నాకెంత సిగ్గేసిందనుకున్నారు? నాకు కళ్ళు లేకపోతే ఆమెకి ఇల్లే లేకుండా పోయిందే అనుకున్నాను. ఇక రోజూ పోరు పెట్టాను. ఇల్లు మార్చు, నీకు నచ్చినట్టు మార్చు, నేను మళ్ళీ నేర్చుకుంటాను, తాళం లోపల చూడకుండా తీసేవాణ్ణి బల్ల చుట్టూ తిరగలేనా, అని. ససేమిరా అంది. మార్చకపోతే చుట్టాలింట్లోనే ఉండిపోతానని బెదిరిస్తే అప్పుడు ఒప్పుకుంది. మీ దగ్గరికి వచ్చింది."

"మరి ఆ రోజు... ఎక్కడున్నానని అడిగారు కదండీ" అంది తూకమ్మ.

"ఆటపట్టించడానికి అన్నానమ్మా! అదే మొదటి పొద్దు. కొత్త చెప్పులు మొదటిరోజు కరవవూ? సాయంత్రానికల్లా సోఫా దాకా దారి దొరికింది నాకు. కూజా పోయినందుకు తిడుతుందేమోనని వంటింట్లోకి వెళ్తే, ఆమె ఏడుస్తోంది. ఎందుకంటే చెప్పదు. పక్కింటివాళ్ళని పిలుచుకొచ్చి అన్నీ ఎక్కడివక్కడ పెట్టించేసింది. చుక్కలు కూడా పెట్టుకుంది. నేను అరిచాను, బతిమాలాను. 'బయటివాళ్ళకి కనపడింది నాకు కనపడలేదు బావగారూ' అంది. ఒక్కటే మాట."

తూకమ్మ సంచిలో ఉన్న పటాన్ని చేత్తో నొక్కి పట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉంది. ఆ నోరు తనదే అయినప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. బల్లతో చెప్పించడం ఎందుకు అని తను అన్న మాట ఆ గదిలోనే ఎక్కడో నిలబడి తనని చూస్తున్నట్టు ఉంది.

ఇల్లాలు కూరగాయల సంచితో వచ్చింది. తూకమ్మని చూసి ఆగింది, వెంటనే మామూలుగా నవ్వింది. "ఎంతసేపైందండీ వచ్చి? మంచినీళ్ళైనా ఇచ్చారా బావగారు?" అని లోపలికెళ్ళి గ్లాసుతో వచ్చింది.

"నన్ను క్షమించండి" అంది తూకమ్మ లేచి నిలబడి. "తెలియక అన్నాను. ఈయనిప్పుడు అంతా చెప్పారు."

"అయ్యో, దానికేం?"

"మేస్త్రిని రేపే పంపిస్తాను. అన్నీ మళ్ళీ పెట్టించేస్తాను. ఇదిగో, ఈ పటం చూడండి, ఆయనకీ దారి ఉంటుంది, మీ బల్లా మధ్యలోనే ఉంటుంది..."

ఇల్లాలు పటం అందుకుని మర్యాదగా చూసింది. గుండ్రబల్ల గీసిన చోట వేలు ఆగింది. తరవాత చుట్టి తిరిగి ఇచ్చేసింది.

"చాలా బాగుందండీ. కానీ వద్దులెండి."

"పెట్టించమ్మా" అన్నాడు పెద్దాయన. "నా మాట వినవే!"

"వద్దు బావగారూ." ఆమె గొంతులో కోపం లేదు. కూరగాయలు పాతబల్ల మీద పోసి, ఒక్కోటి ఏరుతూ మాట్లాడింది. "మీరన్నదాంట్లో తప్పేం లేదండీ. నాకూ లోపల అలాగే ఉండేది. బావగారు ఎంత చెప్పినా, ఎక్కడో మనసు పీకుతూనే ఉండేది, ఇది నా స్వార్థం కాదుగదా అని. మీరు దాన్నే పైకి అనేశారు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుంటే నాకు బల్ల కనపడదండీ. మీ మాట వినపడుతుంది."

తూకమ్మ పటాన్ని సంచిలోకి తోసింది. ఎదుటి మనిషి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినదానికి బదులు చెప్పొచ్చు, కాళ్ళైనా పట్టుకోవచ్చు. ఈ మంచితనం ముందు ఏం చెయ్యాలి? పెద్దాయన లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. లోపల ఇనప పుల్ల శబ్దం కూడా వినపడలేదు.

ఇల్లాలు ఆమెని వీధి గేటు దాకా సాగనంపింది. చూరు కింద బల్ల పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఎగిరిన పట్టాని వంగి సర్దింది. "ఎవరైనా కావాలంటే ఇచ్చెయ్యండి దీన్ని. వానకి పాడైపోతుంది. మీ మేస్త్రి ఎంతో ఇదిగా చేశాడు పాపం" అంది.

గేటు దగ్గర కొంచెం తటపటాయించి, మళ్ళీ మొదటిరోజులాగే గొంతు తగ్గించి అడిగింది. "ఆ రోజు ఫోటోలు తీశారా అండీ? ఒక్కటైనా?"

తూకమ్మ ఆ పొద్దుట్ని గుర్తుచేసుకుంది. కెమెరా బిగించింది, దిండ్లు సర్దింది, కూజా జరిపింది. ఇంక నొక్కడమే తరువాయి. ఆ తరవాత కోపంగా అన్నీ మడిచేసుకుని వచ్చేసింది.

"తీయలేదండీ."

"పోనీలెండి" అంది ఇల్లాలు. "మావారు రేపాదివారం వస్తారు. చూపిద్దామనుకున్నాను. ఇరుగుపొరుగుని కూడా ఆ రోజే పిలుద్దామని ఆగాను. సామాను మోయడానికి వచ్చినవాళ్ళు చూశారనుకోండి, కానీ వాళ్ళు ఏం చూస్తారు, తీసెయ్యడానికే వచ్చారాయె." కాస్త నవ్వి, గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. "అయితే ఆ గదిని కళ్ళు సగం మూసి చూసుకున్నది నేనూ, మీరూనన్నమాట. బాగుంది కదండీ?"

"చాలా బాగుందండీ" అంది తూకమ్మ.

"నాకూ అలాగే అనిపించింది" అంది ఇల్లాలు. గొళ్ళెం వేసి, కూరలు వాడిపోతాయంటూ లోపలికి వెళ్ళింది.